గున్నయ్య పాతిన ఊస

దిబ్బలపేటలో ఎవరు బావి తవ్వుకోవాలన్నా ముందు గున్నయ్య ఇంటికి కబురు వెళ్లేది.

అక్కుపల్లి దాటాక సముద్రం గట్టున, ఇసకదిబ్బల మధ్య ఉన్న చిన్న ఊరది. వేటే బతుకు. గున్నయ్య కూడా ఒకప్పుడు వేటకు వెళ్లినవాడే. ఓసారి తెప్ప తిరగబడి దాని దుంగ మోకాలి మీద పడింది. అప్పటినుంచి ఎడమకాలు సరిగా మడవలేక గట్టునే ఉండిపోయాడు. తోటివాళ్లు తెల్లారి వేట నుంచి వచ్చి చేపలు దింపుతుంటే ఇతను దూరంగా కూర్చుని చిరిగిన వలలు కుట్టేవాడు. ఊళ్లో అతని మాటకు విలువంటూ మిగిలింది ఒక్క నీళ్లు చూడటంలోనే.

పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చెప్పుల్లేకుండా నడిచేవాడు. ఒకచోట కాయ నిలువుగా లేచి నిలబడేది. అక్కడ మడమతో గీత గీసి, "తవ్వండి" అనేవాడు. అలా గీసిన ఎనిమిది చోట్లా నీళ్లు పడ్డాయి. ఒక్కటీ తప్పలేదు. చుట్టుపక్కల ఊళ్లలో కూడా అతన్ని నీళ్ల గున్నయ్య అనే పిలిచేవారు. ఆ పేరు వినబడితే చాలు, కుంటుతున్న కాలు కూడా కాస్త నిటారుగా పడేది.

రెండువేల రెండో సంవత్సరం ఎండాకాలానికి ఆ బావులన్నీ ఉప్పెక్కాయి, తన పెరట్లోని చిన్న బావి ఒక్కటే తియ్యగా మిగిలిందని గున్నయ్య నమ్మకం. అంతకుముందు రెండేళ్లు వానలు సరిగా లేవు. కొన్ని బావుల నీళ్లు అన్నం వండితే పచ్చబడేవి, కొన్ని నోట పెడితే కక్కొచ్చేవి. ఆడవాళ్లు రెండు మైళ్ల అవతల జీడితోటలోని బావికి వెళ్లి బిందెలు మోసుకొచ్చేవారు. ఊరిపెద్ద పోలారావు పలాస తిరిగి తిరిగి అర్జీలు పెట్టగా, వైశాఖంలో ఓ పొద్దున్న జీపొచ్చింది. అందులోంచి భార్గవి దిగింది. టెక్కలి అమ్మాయి, భూగర్భజలాల ఆఫీసులో పని. ముప్పై ఏళ్లుంటాయి. వెంట వైకుంఠరావని సహాయకుడు, ఒక మీటరు పెట్టె, నాలుగు తీగ చుట్టలు, ఒక కట్ట ఇనప ఊసలు.

ఆమె నేరుగా గున్నయ్య ఇంటికే వచ్చింది.

"బాబాయ్, ఈ చుట్టుపక్కల బావులన్నీ మీరే చూశారట. మీతో మాట్లాడకుండా పని మొదలెట్టకూడదనుకున్నాను," అంది అరుగు మీద కూర్చుంటూ.

గున్నయ్యకు ఆ మాట గుండెల్లో చల్లగా దిగింది. పోలారావుతో పాటు పదిమంది చేరారు. అందరి ముందూ కొబ్బరికాయ పట్టుకుని తూర్పుదిబ్బ మీద మొగలి డొంకల దాకా నడిచాడు. కాయ లేచింది. మడమతో గీత గీశాడు. భార్గవి నవ్వలేదు, వెక్కిరించలేదు. ఆ చోటును పుస్తకంలో రాసుకుంది.

"ఇక్కడా చూద్దాం బాబాయ్. కానీ ఈ ఇసకలో ఎక్కడ తవ్వినా నీళ్లే కదా. ఏ నీళ్లన్నదే మనకు కావాలి."

ఆ మాట గున్నయ్యకు అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు.

తిరిగొచ్చాక ఆమె సంచిలోంచి రెండు రాతిముక్కలు తీసింది. గుండ్రంగా కోసిన, పిడికిలంత ఇసకరాయి ముక్కలు. రెండూ ఒకే రాతిలోంచి కోసినవే. పొడిముక్కకు రెండు చివర్లా తీగలు తగిలిస్తే మీటరు ముల్లు కదల్లేదు. దాన్ని తను తెచ్చుకున్న మంచినీళ్లలో నానబెట్టి తగిలించింది. ముల్లు కొంచెం జరిగింది. రెండోది సముద్రపు నీళ్లలో నానబెట్టి తగిలిస్తే ముల్లు ఒక్క ఉదుటున అటు చివరికి కొట్టుకుంది. చూస్తున్నవాళ్లు "ఓర్నాయనో" అన్నారు.

"రాయి అదే. మారింది లోపలి నీళ్లు," అంది భార్గవి. "ఇసక రేణువుల్లోంచి కరెంటు పోదు. రేణువుకీ రేణువుకీ మధ్య సందుల్లో చిక్కుకున్న నీళ్లుంటాయే, వాటిలోంచి దారి వెతుక్కుంటూ పోతుంది. మంచినీళ్లయితే కష్టపడి పోతుంది. అప్పుడు మాకు అంకె పెద్దదొస్తుంది. ఉప్పునీళ్లయితే సులువుగా పోతుంది, అంకె పడిపోతుంది. ఒక్క బంకమట్టితోనే చిక్కు. దాన్లో మంచినీళ్లున్నా ఉప్పునీళ్లలాగే చిన్న అంకె చూపించి మోసం చేస్తుంది. అందుకే మీటరు పెట్టేముందు మీ బావుల సంగతి నాకు తెలియాలి. ఏ బావి ఏ నెలలో ఉప్పెక్కింది, ఏది ముందు, ఏది వెనక. అది ఎవరు చెప్పగలరు?"

గున్నయ్య గొంతు సవరించుకున్నాడు. కానీ బావి పడ్డాక అతను మళ్లీ దాని మొహం చూసిందే లేదు.

సరిగ్గా అప్పుడే నీలమ్మ ఎండుచేపల గంప దించుకుంటూ లోపలికొచ్చింది. గున్నయ్య భార్య ఆమె. నలభై ఏడేళ్ల మనిషి. ఇరవై ఏళ్లుగా నెత్తళ్లు, కవళ్లు గంపకెత్తుకుని ఉద్దానం ఊళ్లన్నీ కాలినడకన తిరిగి అమ్ముతోంది. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరి గడప దగ్గర ఆగి చెంబుడు నీళ్లు తాగుతుంది.

సంగతి విని, కొంగుతో చెమట తుడుచుకుంటూ, "మన ఊరియ్యేనా? పడమటి ఊళ్లయ్యి కూడానా?" అంది.

"అన్నీ తెలుసా పిన్నీ?"

"తాగినయ్యి కాదేటమ్మా. తాగినయ్యి మర్సిపోతామేటి?"

భార్గవి జీపులోంచి ఏడు సీసాలు తెప్పించింది. దారిపొడుగునా ఏడు బావుల్లో పట్టిన నీళ్లవి. సీసాల మీద అంకెలే తప్ప పేర్లు లేవు. నీలమ్మ ఒక్కో సీసా నుంచి గుక్కెడు నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి ఉమ్మేసి, వాటిని వరసగా పేర్చింది. "ఇది అన్నిటికన్నా తీపి. దీనికంటే ఇది రవ్వంత ఉప్పు. ఇది ఉప్పు కాదమ్మా, వగరు, రాళ్ల నేలది. ఇది మందస దారిలోది." వైకుంఠరావు ఒక్కో సీసాలో చిన్న చేతి మీటరు ముంచి అంకెలు చదివాడు. ఆమె పేర్చిన వరసా, మీటరు చెప్పిన వరసా ఒక్కటే.

జనం ఈలలేశారు. "నీలమ్మక్క నాలికలో బేట్రీ ఉన్నాదిరా!" అన్నాడొకడు. భార్గవి ఆమె పక్కకు జరిగి కూర్చుని పుస్తకం తెరిచింది. గున్నయ్య అరుగు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. భార్గవి వీపు అతని వైపు ఉంది.

ఒక్కో బావి గురించీ నీలమ్మ చెబుతూ పోయింది. పోలారావు బావి మాఘంలోనే చెడుతుంది. గుడిసెల దగ్గరిది ఫాల్గుణం దాకా ఓర్చుకుంటుంది. తూర్పున ఉన్నవన్నీ ముందు చెడతాయి. పడమటివి నెల వెనక.

"మరి ఇదిగో, మీ పెరట్లోది?"

నీలమ్మ చప్పున ఆగిపోయింది. మొగుడి వైపు చూసింది.

"బాగానే ఉంటాదమ్మా."

"పిన్నీ, నిజం చెప్పకపోతే నా లెక్క తప్పుతుంది. ఊరంతా తప్పు నీళ్లు తాగుతుంది."

"ఏటే, సెప్పవేటి?" అన్నాడు గున్నయ్య. "మన బావి కాదేటి? పన్నెండేళ్లై తాగుతన్నాం."

నీలమ్మ తలొంచుకుంది. "మొదట్నుంచీ ఉప్పే. గిన్నెలు తోముకోడానికే."

"మరింట్లో తాగుతున్నయ్యో?"

"జీడితోటయి. పొద్దున్నే నువ్వు లెగక ముందే తెత్తన్నాను మావా."

 వెనక నుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ వెంటే అందరూ. పోలారావు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు. పన్నెండేళ్లుగా వచ్చినవాడికల్లా, "నాను సూసిన బావి నీరు. తాగి సూడు" అని గ్లాసు చేతికిచ్చిన మనిషి గున్నయ్య. అతను ఇచ్చిన ప్రతి గ్లాసులోనూ ఆవిడ మోసుకొచ్చిన నీళ్లే ఉన్నాయి.

ఆ పూట అతను అన్నం తినలేదు. మర్నాడు తిన్నాడు కానీ నీళ్లు తాగలేదు. పోలారావు ఇంటికి వెళ్లి తాగొచ్చాడు.

ఆ రెండు రోజుల్లో అతనికి తెలియకుండానే ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు ఎన్నిసార్లు "నీలమ్మక్క" అంటున్నారో చెవి లెక్కపెట్టేది. భార్గవి ఆమెను జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పడమటి బావులకు తీసుకెళ్లింది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో నీలమ్మ జీపెక్కడం అదే మొదలు. తిరిగొచ్చి దిగుతున్నప్పుడు ఆమె మొహం మీద ఉన్న చిన్న నవ్వు గున్నయ్యను కందిరీగలా కుట్టింది. ఆ నవ్వును ఇంట్లో అతను ఎప్పుడూ చూడలేదు. ఇన్నేళ్లూ అదెక్కడ దాచుకుందనిపించింది. ఆ రాతిముక్కలో నీళ్లలాగే ఈ మనిషి లోపల ఇంకేమేం ఉన్నాయో అని భయం కూడా వేసింది. భయం అని ఒప్పుకోవడం కంటే కోపం తెచ్చుకోవడం సులువు.

"కూరలో ఉప్పెక్కువైనాది. ఊరి నీళ్ల ఉప్పు తెలుత్తాది గానీ కూరలో తెలీదేటి?" అన్నాడు.

నీలమ్మ తిని చూసింది. సరిగానే ఉంది. 

మూడో రోజు ఊసలు పాతే పని. రెండు చోట్ల చూడాలన్నారు. ఒకటి నీలమ్మ చూపించిన చోటు, ఊరికి పడమట సరుగుడు తోట అంచు. ఎండాకాలంలో కూడా అక్కడ చేత్తో ఇసక తోడితే చెలమలో మంచినీళ్లు ఊరతాయని ఆమె చెప్పింది. రెండోది గున్నయ్య గీత గీసిన తూర్పుదిబ్బ.

పని చూడ్డానికి తేలికే. మధ్యలో మీటరు పెట్టె దగ్గర వైకుంఠరావు. పెట్టెకు అటూ ఇటూ రెండు పొడుగు తీగలు. వాటి చివర ఊసలు పాతి భూమిలోకి కరెంటు పంపాలి. తీగ మీద కొలతకొక ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. కేక వేసినప్పుడల్లా తర్వాతి ఎర్రగుడ్డ దాకా వెళ్లి ఊస పాతాలి. ఊసలు ఎంత దూరం జరిగితే కరెంటు అంత లోతుకు దిగి అక్కడి సంగతి చెబుతుంది. ఎండిన ఇసక కరెంటును పట్టనివ్వదు గనక ఊస మొదట్లో కాస్త సముద్రపు నీళ్లు పొయ్యాలి. ఒక తీగ చివర ఢిల్లేశ్వరరావు, గున్నయ్య పక్కింటివాడు. రెండో చివర గున్నయ్య. బిందెతో నీళ్లు పోసే పని నీలమ్మది.

గున్నయ్య ఆ పనికి ఒప్పుకోవడం చూసి పోలారావు మెచ్చుకున్నాడు. కానీ గున్నయ్య వచ్చింది నీలమ్మ చోటు తప్పడం కళ్లారా చూద్దామని.

అది తప్పలేదు. వైకుంఠరావు గట్టిగా అంకెలు చదువుతున్నాడు. ఎనిమిది వందలు, అయిదు వందలు, రెండొందలు. అది పొడి ఇసక. తర్వాత డెబ్భై, అరవై రెండు, అరవై. అక్కడే నిలబడిపోయింది. చాలాసేపటి తర్వాత ముప్పైకి, పదిహేనుకి దిగింది.

"అరవై అంటే ఏటమ్మా?" అన్నాడు పోలారావు.

"పిన్ని చెప్పిన నీళ్లతో సరిపోయే ఇసక. మంచినీళ్లు, పదిహేను మీటర్ల దాకా," అంది భార్గవి. "కింద ఉప్పుంది. బోరు వేసి లోతుకు పోకూడదు. పోతే ఉప్పును పైకి లాక్కుంటాం. సిమెంటు చుట్టలు ఒకదాని మీద ఒకటి దించి వెడల్పుగా ఒరల బావి వేసుకోవాలి."

మధ్యలో ఒక చిన్న సంగతి జరిగింది. ఢిల్లేశ్వరరావు పరాకున వెనకటి గుడ్డ దగ్గరే ఊస ఉంచేశాడు. అంకె ఎగిరింది. "ఎవరో దగ్గరగా పాతారు, చూసుకోండి," అని వైకుంఠరావు అరిచాడు. సరిచేశాక అంకె దిగింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, గున్నయ్య తప్ప.

మధ్యాహ్నం తర్వాత తూర్పుదిబ్బకు వెళ్లారు. నాలుగొందలు, తొంభై, నలభై, పద్ధెనిమిది, తొమ్మిది. ఒక్కో కేకకూ ఊళ్లోవాళ్ల మొహాలు వాడిపోతున్నాయి. కొందరివి అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. గున్నయ్య ఊస పట్టుకుని దిబ్బ ఎక్కాడు. మొగలి డొంకల అవతల నుంచి చూస్తే మీటరు పెట్టె కనబడదు. నీలమ్మ ఖాళీ బిందెతో సముద్రం వైపు దిగింది.

తర్వాతి ఎర్రగుడ్డ ముప్పై మీటర్లది. ఇంకా ఎంతో దూరం నడవాలి. అతను నడవలేదు. పది మీటర్ల దగ్గరే, పాత గుంటలోనే ఊసను దించాడు. మిగిలిన తీగ చుట్టి డొంక కిందికి తోసి, "ఊఁ!" అని అరిచాడు.

"నలభై రెండు!" అని కేక వినిపించింది.  తర్వాత జనం హోరు.

"నలభై మీటర్లది వెయ్యండి!"

రెండడుగులు జరిగి పాతాడు.

"యాభై ఎనిమిది!"

"నీళ్ల గున్నయ్యరా!" అని ఎవరో అరిచారు. మూడు రోజుల తర్వాత ఆ పేరు చెవిన పడింది. గున్నయ్య కళ్లు చెమర్చాయి. తను చేసింది దొంగపని అన్న సంగతి ఆ క్షణాన నిజంగానే గుర్తు లేదు.

వెనక్కి తిరిగేసరికి నిండు బిందెతో నీలమ్మ నిలబడి ఉంది.

ఆమె ఊస వైపు చూసింది. డొంక కింద చుట్టగా పడున్న తీగనూ, దాని ఎర్రగుడ్డలనూ చూసింది. అతని మొహం చూసింది. తర్వాత వంగి, ఊస మొదట్లో నిదానంగా నీళ్లు పోసి, బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది. 

మీటరు దగ్గర భార్గవి గళ్ల కాగితం మీద చుక్కలు పెడుతోంది. యాభై ఎనిమిది దగ్గర పెన్సిలు ఆగింది. చుక్కల్ని గీతతో కలిపింది. ఆ గీతకు స్కేలు ఆనించి చూసింది. వైకుంఠరావుతో ఏదో అని, తీగ పట్టుకుని దాని వెంబడే దిబ్బ ఎక్కింది.

గున్నయ్యకు తప్పుకునే వ్యవధి లేదు. ఆమె వచ్చి డొంక కిందికి చూసింది.

"బాబాయ్," అంది చిన్నగా. "కింద ఎంత గట్టి రాయున్నా సరే, ఈ గీత పైకి లేవడానికి ఒక హద్దుంది. నలభై అయిదు డిగ్రీల వాలు కంటే నిటారుగా లేవలేదు. భూమి ఆ పని చెయ్యలేదు, మనుషులే చెయ్యగలరు."

గున్నయ్య వంగి ఊసను ఇసకలోంచి లాగాడు.

"ఎందుకు చేశారని అడగను. ఇక్కడ బావి వేస్తే మీ ఊళ్లో పిల్లలు తాగుతారు. పదండి, మళ్లీ తీద్దాం."

మళ్లీ తీశారు. ఆరు. అయిదు. జనం అయోమయంగా చూశారు.

"తీగ డొంకలో చిక్కుకుంది. ఇందాకటి అంకెలు లెక్కలోకి రావు," అంది భార్గవి అందరితో.

పోలారావు నమ్మలేదు. "నీలమ్మా, నువ్వక్కడే ఉన్నావు కదేటి. సిక్కుకున్నాదా?"

"సిక్కుకున్నాది బావా," అంది నీలమ్మ. కళ్లు ఇసక మీదే ఉన్నాయి. "నానూ సూసినాను."

అంతటితో పోయేది. గున్నయ్య పరువు దక్కేది. కానీ ఆ మాట ఆమె నోట వినగానే అతను ఆగలేకపోయాడు. పన్నెండేళ్లు తన పరువును ఈవిడే బిందెలకెత్తి మోసింది. ఇప్పుడు ఇది కూడా ఈవిడ దానమేనా? మంచినీళ్లూ ఈవిడవే, మంచి పేరూ ఈవిడదే, ఆఖరికి తన దొంగతనాన్ని కడుపులో పెట్టుకున్న గొప్పతనం కూడా ఈవిడదేనా?

"అబద్దం!" అని అరిచాడు. "ఏ తీగా సిక్కుకోనేదు. నానే దగ్గర పాతినాను. నానే! సూసి కూడా అబద్దం సెప్తన్నాది."

పశ్చాత్తాపంతో అన్నాడని తర్వాత కొందరన్నారు. కాదని అతనికి తెలుసు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పోలారావు దగ్గరికొచ్చి అతని మొహంలోకి చూసి, "మా గుంటపిల్లలకి ఉప్పునీరు తాగిద్దువేట్రా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. ఢిల్లేశ్వరరావు గున్నయ్య చేతిలోంచి ఊసలు పాతే సుత్తి తీసేసుకున్నాడు.

ఇంటికొచ్చాక నీలమ్మ మొదటిసారి గొంతెత్తింది.

"ఎందుకు సెప్పినావు? నాను కాసుకున్నాను కదేటి?"

"నిన్నెవులు కాసుకోమన్నారు? పన్నెండేళ్లు నా కళ్లకి గంతలు కట్టినావు."

"బావి పడిన రోజు నువ్వు తలపాగా సుట్టుకుని వీధంతా తిరిగినావు మావా. కాలిరిగినాక నువ్వు నవ్వడం నాను సూసింది ఆ రోజే. మొదటి బిందె నాను నోట్లో ఏసుకున్నాను. ఉప్పు. ఎలగ సెప్పీది? రేపు సెప్దామనుకున్నాను. రేపు కూడా నువ్వు నవ్వుతానే ఉన్నావు."

"తరవాతైనా సెప్పొచ్చును."

"తరవాత నువ్వడిగినావేటి? ఒక్కపాలి, ఈ నీరెలగున్నాదే నీలమ్మా అని అడిగినావేటి? అడిగితే సెప్దును. ఆ ఇంజినీరమ్మ అడిగినాది, సెప్పినాను."

అతను వల దగ్గరకు లాక్కున్నాడు. ఆమే మళ్లీ అంది, ఈసారి గొంతు తగ్గించి. "జీపెక్కితే నీకు కడుపు మండినాది. నాకు తెలుసు. ఎక్కాలనిపించినాది, ఎక్కినాను. దిగమంటావేటి?"

"దిగమన్నేదు," అన్నాడు గున్నయ్య.

జ్యేష్ఠంలో సరుగుడు తోట అంచున బావి పని మొదలైంది. గున్నయ్య వెళ్లలేదు. ఎవరూ పిలవలేదు కూడా. వల కుడుతూ ఇంట్లోనే కూర్చున్నాడు. నీలమ్మ సాయంత్రాలు వచ్చి అన్నం పెట్టేది. మూడో రోజు మధ్యాహ్నం అటునుంచి అరుపులు వినిపించాయి. ఆ అరుపులు ఎందుకో అతనికి చూడకుండానే తెలిసింది. తడి ఇసక జారుతోంది, ఒర పక్కకు ఒరిగింది. ఇసకలో సిమెంటు ఒరలు దించడం అందరికీ రాదు, తను గీసిన చోట్ల బావులు తవ్వుతుంటే దగ్గరుండి అతను నేర్చుకున్నాడు. లోపల అన్ని వైపులా సమానంగా తోడాలి, ఒక పక్క ఎక్కువ తోడితే ఒర వాలిపోతుంది. వాలిందాన్ని బలవంతంగా నొక్కితే పగులుతుంది.

వల పక్కన పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. ఇంకో అరుపు వినిపించింది. తిట్టుకుంటూ లేచి కుంటుకుంటూ వెళ్లాడు.

పోలారావు చూసి మొహం తిప్పుకున్నాడు కానీ అడ్డు చెప్పలేదు. గున్నయ్య ఎవరితోనూ మాట్లాడకుండా మొలకు తాడు కట్టుకుని లోపలికి దిగాడు. ఒర ఎత్తుగా నిలిచిన వైపు దాని అంచు కింద పారతో కొద్దికొద్దిగా ఇసక తోడి బకెట్టుకు నింపాడు. రెండున్నర గంటలు పట్టింది. ఒర మెల్లగా, మూలుగుతూ సమానమైంది. తర్వాత మర్నాడూ, ఆ మర్నాడూ అతనే దిగాడు.

ఆరో రోజుకు నడుము లోతు నీళ్లొచ్చాయి. బురద తోడేశాక తేటబడ్డాయి. టెక్కలి నుంచి భార్గవి కూడా వచ్చింది. పైనుంచి బిందె దింపారు, గున్నయ్య ముంచి ఇచ్చాడు. తాడు మీద బిందె ఊగుతూ వెలుతురులోకి వెళ్లిపోయింది.

అది పైకి వెళ్లేలోగా అతను దోసిట్లో నీళ్లు తీసుకుని తాగాడు. చల్లగా గొంతులోకి దిగాయి. ఉప్పు లేదు. వగరు లేదు. తనకు కూడా తెలిసింది. "బాగున్నాయి!" అని అరవొచ్చు. బావి లోపలి గొంతు ఊరంతా వినబడుతుంది.

పైన చప్పుడు ఆగిపోయింది. భార్గవి మీటరు ముంచే ఉంటుంది, కానీ వాళ్లు దానికోసం ఆగలేదని అతనికి తెలుసు. ఊరంతా నీలమ్మ చేతిలోని చెంబు వైపు చూస్తోంది. తను బావి అడుగున, చల్లటి నీళ్లలో, తల పైకెత్తి నిలబడ్డాడు. గుండ్రటి ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు. చెప్పకుండా నోరు గట్టిగా మూసుకున్నాడు. అందరిలాగే తనూ ఆమె మాట కోసం ఎదురుచూశాడు. అలా ఎదురుచూడటం ముల్లు మింగుతున్నట్టుంది.

"తియ్యగున్నాయి!" అంది నీలమ్మ గొంతు.

హోరు లేచింది. ఆడవాళ్లు కూతలు పెట్టారు. "నీలమ్మక్క బావి" అని ఎవరో అప్పుడే పేరు కూడా పెట్టేశారు. ఆ సందడిలో కింద మనిషి ఉన్నాడన్న సంగతి అందరూ మర్చిపోయారు. గున్నయ్య చాలాసేపు అలాగే నిలబడ్డాడు. కడుపు మండుతూనే ఉంది. కాళ్లు మాత్రం చలికి కొంకర్లు పోతున్నాయి.

చివరికి గోడ అంచున ఒక తల కనబడింది. వెలుతురుకు ఎదురుగా ఉండటంతో మొహం తెలియలేదు.

"మావా, తాగినావేటి?"

"తాగినాను."

"ఎలగున్నాయి?"

ఆమె కూడా అతన్ని ఇదివరకెప్పుడూ అలా అడగలేదు.  ఆమె అప్పటికే చెప్పేసింది. ఇంకొక మాట చెప్పడానికి ఏం మిగిలిందో వెతుక్కున్నాడు.

"అడుగున ఇంకా సల్లగున్నాయి," అన్నాడు. "తాడెయ్యి."